చాట దిక్కు చూడొద్దు

బీడీలు చేసేటప్పుడు చాట దిక్కు చూడొద్దు. మా అవ్వ మాకు మొట్టమొదలు నేర్పింది గదే. ఒళ్ళో చాట, చాటల కత్తిరించిన తునికాకు, ఓ పక్కకు పొగాకు జర్దా, ఇంకో పక్కకు దారం. చూపు మాత్రం ఎదురుంగ కూసున్న మనిషి మొకం మీద ఉండాలె. చాటలకు చూసుకుంట చేసేటోళ్ళను మా బోధన్‌ల "కొత్తకోడలు" అని ఎక్కిరిస్తరు. అందుకే ఏ వాకిట్ల చూసినా ఇద్దరిద్దరు ఎదురెదురుంగ కూసుంటరు. మొకాలు చూసుకుంట నవ్వుకుంటరు, కొట్లాడుకుంటరు, ఎవలింట్ల ఏం కూరో అడుగుకుంటరు. చేతుల పని చేతులు చేసుకపోతయ్.

నాకు మా అక్క ఎదురు. చిన్నప్పటిసంది గంతే. ఇద్దరిని ఒక్క గల్లీలనే ఇచ్చిండ్రు గనుక పెండ్లిండ్లు అయినంక సుత విడిపోలేదు. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డంక బావ వర్ని దిక్కు క్యాంపు ఊర్లల్ల రైతులకు ట్రాక్టర్ నడుపుతుండు. నాట్లప్పుడు, కోతలప్పుడు పని ఉంటది, తక్కిన దినాలు ఖాళీ. ఇల్లు నడిచేది అక్క బీడీల మీదనే. బీడీ కార్డు ఉంటెనే పీఎఫ్ ఉంటది, రేపు చేతగానప్పుడు పించను ఉంటది. ఆ కార్డు ఉండాలంటే చేతులు ఆడాలె. అక్క చేతుల సంగతి కార్ఖానల అందరికి ఎరుకే, కట్టలు లెక్క చూసుకునే మున్షీ ఆమెవి విప్పి చూడకుంటనే పక్కకు పెడుతుండె.

ఇగ ఆమె చూపు సంగతి అడుగొద్దు. గల్లీల పిల్లి పోయినా ఆమెకు తెల్వాలె. "ఏమే, కొత్త చీరనా? ఎంతకు తెచ్చినవ్? మొన్న గాజులు అన్నవు, చీరెప్పుడు కొన్నవే?" అని పోయేటామెను నిలవెట్టి అడుగుతుండె. అడుగుకుంటనే బీడీ చుట్టుడు, దారం కట్టుడు, మూతి మడుసుడు, కట్టల వడేసుడు అన్ని అయిపోతుండె. నేను గమ్మున ఉండేదాన్ని గాదు గని ఆమె ముంగట నా నోరు తక్కువే.

అసొంటి మనిషికి దగ్గు వట్టుకున్నది. డాక్టర్ జర్దాకు జర దూరముండుమన్నడు. సరిగ్గ గప్పుడే నిజామాబాద్‌ల ఏదో సెంటర్ తెరిచిండ్రు, చేతులు చురుకున్న ఆడోళ్ళు కావాల్నట అని గల్లీల మాట లేసింది. ఓ ఫంక్షన్ హాల్ మీది అంతస్తు, చల్లగ ఏసీ, కూసునెతందుకు కుర్చీలు, దినకూలి. "జర్దా వాసన ఉండదే, పోదాం రా" అన్నది అక్క. నేను ఆమె ఎంబడే బస్సెక్కిన.

ఆడ హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక మేడం ఉన్నది. నెత్తికి పెట్టుకునే పెద్ద అద్దాలు, మణికట్టుకు కట్టుకునే చిన్న తెర, రెండు మా చేతులల్ల పెట్టింది. "మీరు రోజు చేసే పనే చెయ్యండమ్మా. బట్టలు మడతపెట్టడం, బీడీలు చుట్టడం, ఏదైనా. ఈ అద్దాలల్ల కెమెరాలున్నయ్, మీ చేతులు ఎట్ల కదుల్తున్నయో పట్టుకుంటయ్. దాంతో మిషన్ చేతులకు పని నేర్పిస్తం" అన్నది.

"మిషన్ వచ్చి మా బీడీలు చేస్తదా మేడం?" అని అడిగిన.

"బీడీలని కాదమ్మా, ఏ పనైనా."

"అయితే మా ఇండ్లల్ల మొగోళ్ళకు నేర్పుండ్రి ముందుగాల" అన్న. అందరు పక్కున నవ్విండ్రు, మేడం సుత నవ్వింది.

ఏసీ గదిల జర్దా వద్దని ఆకుల చాయ్‌పత్త పోసి చుట్టుమన్నరు. మాకు నవ్వు ఆగలే. పొద్దుమాపు కూసొని మంచిగ చేసినం. తెల్లారి మేడం మొకం చిన్నది చేసుకొని అందరిని పిలిచింది. అద్దాలల్ల రికార్డు అయింది పెద్ద టీవీల చూపెట్టింది. ఇంకేముంది, మొకాలే! నా అద్దాలల్ల అక్క మొకం, అక్క అద్దాలల్ల నా మొకం, ఒకామె ఆవులిస్తున్నది, ఒకామె పక్కామె చెవుల కమ్మలు చూస్తున్నది. తల ఎటు ఉంటే కెమెరా అటే చూస్తదట. బీడీలు చేసేటోళ్ళ తల చాట దిక్కు ఎందుకుంటది? "చేతులేవమ్మా? ఒక్క చెయ్యన్నా ఉన్నదా?" అన్నది మేడం పాపం, ఏడుపు మొకం పెట్టి.

గా దినంకెళ్ళి కొత్త కానూను. మాట్లాడొద్దు. మొకాలు చూసుకోవద్దు. తల వంచి చేతుల దిక్కే చూడాలె. చూపు పక్కకు పోతే మణికట్టు మీది తెర జుయ్యిమంటది.

అసలు తకలీబు గప్పుడు మొదలైంది. అద్దాలు పెట్టుకుంటే ఎదురుంగ గాలిల అక్షరాలు నిలవడుతయ్, మంచమంత దూరంల ఉన్నట్టు. మణికట్టు తెర ఏమో ఒళ్ళో ఉన్నట్టే ఉంటది. చేతి దిక్కు చూస్తే ఆ గాలి అక్షరాలు వచ్చి చేతి తెర మీదనే కూసుంటయ్. ఇది చూద్దామంటే అది రెండైతది, అది చూద్దామంటే ఇది రెండైతది. కండ్లు ఆ దూరానికి ఈ దగ్గరకు గుంజుకొని గుంజుకొని కనుబొమ్మల నడుమ పొడిసినట్టు అయితది. ఇంకో తమాష చూడుండ్రి, చెయ్యి జర వంకర తిరిగితే చాలు, మణికట్టు తెర మొత్తం నల్లగైపోతది. అద్దాలు తీసి చూస్తే మంచిగనే వెలుగుతుంటది. బీడీ చుట్టేటప్పుడు మణికట్టు తిరగకుంట ఎట్లుంటది? అది నల్లగైనప్పుడల్లా చెయ్యి సక్కగ పెట్టుకోవాలె, వెలిగినంక మళ్ళ మొదలుపెట్టాలె.

అన్నిటికన్న పాడుది ఆకుపచ్చ గీత. మన వేళ్ళ చుట్టు ఆ అద్దాలే ఓ గీత గీసి చూపెడతయ్. గీత వేలి మీద సరిగ్గ కూసుంటెనే పని లెక్కల వడ్డట్టు. కని అది ఎప్పుడు రవ్వంత ఎనుకనే. వేలు పోయినంక గీత వస్తది. "గీత వచ్చిందాక ఆగి, తర్వాత ఇంకో వేలు కదపండమ్మా" అంటది మేడం. ఓరి నాయనో, బీడీ ఏమన్న బతుకమ్మనా, ఒక్కొక్క పువ్వు సదురుకుంట పేర్చుడానికి! చేతులకు ఒక నడక ఉంటది, మధ్యల ఆపితే ఆకు చినుగుతది.

అక్కకు దగ్గరిచూపు అద్దాలున్నయ్. వాటి మీదికెళ్ళి ఈ పెద్ద అద్దాలు వడుతలెవ్వు. "అవి తీసెయ్యండమ్మా, అలవాటైపోతది" అన్నది మేడం. మేడమైతే మంది చూడవచ్చినప్పుడు రెండు నిమిషాలు పెట్టుకొని ఫొటో దిగేదే గని, ఆమె ఎన్నడు పొద్దంతా పెట్టుకోలే. పెట్టుకుంటే ఎరుకైతుండె.

నేను వారం సుత నిలవలే. మెట్ల మీద కక్కుకున్న. మేడం నీళ్ళు తెచ్చిచ్చి, "ఇంకో రెండు రోజులు చూడండమ్మా" అన్నది. "నా కండ్లు నాకే సరిపోతలెవ్వు, మీ మిషన్‌కు యాడికెళ్ళి తెచ్చియ్యాలె" అని అద్దాలు ఆమె చేతిల పెట్టి వచ్చేసిన. అక్కను సుత రమ్మన్న. రాలే.

"చెల్లె, గా మేడం నా చేతులు పట్టుకొని పెద్ద సార్లకు చూపెట్టిందే. బంగారమసొంటి చేతులన్నది. ఇన్నేండ్లు చేస్తిమి, మున్షీ ఎన్నడన్న అన్నడా గా మాట?" అన్నది.

నిజమే, ఎవలు అనలే. మా ఆడోళ్ళ చేతులు మంచియని చెప్పినోడు ఈ భూమ్మీద లేడు. గా ఒక్క మాటకు ఆమె పొద్దుగాలనే బస్సు పట్టుకొని పోయి, పొద్దుమూకినంక వస్తుండె. దగ్గు తగ్గింది, గది మాత్రం అబద్ధం గాదు. కార్ఖానల ఒక రివాజు ఉంటది, కార్డు మీద ఆకు తీసుకొని బీడీలు ఇయ్యకుంటే కార్డు కొట్టేస్తరు. అందుకని ఆమె ఆకు నేను తెచ్చి, నా వాటితోని ఆమెవి సుత చేసి ఇస్తుంటి. ఎదురుంగ ఎవలు లేక గోడ దిక్కు చూసుకుంట చేసేదాన్ని.

ఓనాడు నిజామాబాద్ ఆస్పత్రి పని మీద పోయి మర్లి వచ్చేటప్పుడు ఆమెతోనే బస్సెక్కిన. కండక్టర్ టికెట్ ఇస్తుంటే అక్క చెయ్యి టికెట్ పక్కకు పోయి గాలిని పట్టుకున్నది. మళ్ళ చాపింది, మళ్ళ గాలే. "ఏందమ్మా, ఎక్కినంక తాగినవా, ఎక్కకముందే తాగినవా?" అని కండక్టర్ నవ్విండు. "నీ నోట్ల మన్ను వడ, మీ ఇంట్ల ఆడోళ్ళు తాగి బస్సెక్కుతరా?" అని నేను లేసిన. వాడు నోరు మూసుకొని పోయిండు.

అక్క ఒక కన్ను మూసి టికెట్ అందుకున్నది. "ఒక్క కన్ను మూస్తే ఒక్కటే కనవడ్తదే" అన్నది, అదేదో మంచి ఉపాయం లెక్క.

"గిది ఎన్నిదినాల సంది?"

"సెంటర్ల చాయ్ తాగినంక తగ్గిపోతుండె. ఇప్పుడు ఇంటికి వచ్చినా పోతలేదు" అని కిటికీ దిక్కు తిరిగింది. అవతల వరి మళ్ళు, నడుమ నడుమ చెరుకు. ఆమె ఏం చూసిందో, ఎన్ని చూసిందో నేను అడుగలే. నాకు భయమైంది. ఆ రాత్రి బావకు చెప్పిన, బావ వద్దన్నడు. అక్క వినలే, పని అయిపోవచ్చిందట, మధ్యల ఇడిసిపెడితే మేడం ఏమనుకుంటదట.

వానలు వడుతుంటే ఓ దినం పొద్దుగాలనే పోయి పొద్దుగాలనే మర్లి వచ్చింది. సెంటర్ మూసిండ్రు. "మాకు కావల్సినంత వచ్చిందమ్మా, శాన థ్యాంక్స్" అని మేడం ఆమెకు ఓ మిఠాయి డబ్బ ఇచ్చి పంపింది. చేతులు వాళ్ళకు పోయినయ్, డబ్బ మాకు వచ్చింది. అక్క మాత్రం నవ్వుకుంటనే ఉన్నది. "పోనీ తియ్యే, ఇగ రేపటిసంది నీ ఎదురుంగనే కూసుంట" అన్నది.

తెల్లారి చాట ఒళ్ళో పెట్టుకొని నా ఎదురుంగ కూసున్నది. నాకు శాన సంబురమైంది, ఉన్నమాట చెప్తున్న. గల్లీ ముచ్చట్లన్ని కూడవెట్టుకొని ఉన్న. మొదలువెట్టి తలెత్తి చూస్తే అక్క తల వంచుకొని ఉన్నది.

"ఏందే, చాటలకు చూస్తున్నవ్? కొత్తకోడలివా?"

ఆమె నవ్వలే. ఆకు అందుకోబోతే చెయ్యి ఆకు పక్కకు పోయింది. కన్ను మూసి అందుకున్నది. జర్దా పోసింది, ఆగింది. చుట్టింది, ఆగింది. దారం కోసం చెయ్యి చాపి గాలిల పట్టుకున్నది. ఆకు చినిగింది.

"ఆగుతున్నవెందుకే?"

"నేను ఆగుతలేను. చేతులే ఆగుతున్నయ్. గీత వస్తదని చూస్తున్నయ్."

"ఏ గీతనే? గీత లేదు గోత లేదు. తలెత్తు. నా మొకం దిక్కు చూడు, అవ్వ చెప్పినట్టు. చేతులే ఆడుతయ్."

అక్క తలెత్తింది. నా దిక్కు చూసింది. నా పక్కకు చూసింది. మళ్ళ నా దిక్కు చూసింది. కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్.

"ఏ మొకం చూడాలె చెల్లె? ఇద్దరు కూసున్నరు" అన్నది.

నా చేతులల్ల ఉన్న బీడీ చాటల వడ్డది.

కంటి డాక్టర్ దగ్గరికి తీస్కపోయినం. ఒక్కో కన్ను మూయించి గోడ మీది అక్షరాలు చదివిచ్చిండు, అన్ని చదివింది. "రెండు కండ్లు మంచిగనే ఉన్నయమ్మా. కని రెండు కలిసి చూస్తలెవ్వు. ఆ అద్దాలల్ల దూరంది దగ్గరిది ఒక్క కాడ చూసి చూసి గుంజుకపోయినయ్" అన్నడు. పెన్ను ముక్కు కాడికి తెచ్చుకుంట కసరత్తు చెయ్యిమన్నడు. ఎప్పటికి తగ్గుతదంటే, కొందరికి తగ్గుతది, కొందరికి చెప్పలేమన్నడు. పక్కింటి మరాఠీ ఆమె, నజర్ తగిలింది, కందకుర్తి పోయి గోదారి సంగమంల మునిగి రాండ్రి అన్నది. గది సుత చేసినం. పెన్నుతోని కసరత్తు సుత చేసింది. నెల తిరిగినా అక్కకు నేను ఇద్దరినే. దగ్గుకు భయపడి పోయినామె చూపు పోగొట్టుకొని వచ్చింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటరు సూడు, గట్లనే అయింది మా బతుకు.

అందాక నేనే రెండు కార్డుల పని చేస్తున్న. ఎవలు చెప్పిండ్రో ఏమో, వాళ్ళ నోరు వడిపోను, మున్షీకి ఎరుకైంది. "కార్డు ఒకామెది, చెయ్యి ఒకామెదా? మీ అక్కను తోల్కరా. నా ఎదురుంగ కూసొని చేస్తేనే కార్డు ఉంటది, లేకుంటే పేరు కొట్టేస్తా" అన్నడు.

ఆ దినం కార్ఖాన నిండ ఆడోళ్ళే, అందరు కట్టలు ఇచ్చెతందుకు వచ్చినోళ్ళు. వాళ్ళ నడుమ అక్కను కూసోవెట్టిండు. చాట ఇచ్చిండు. ఎవలి కట్టలు వాడు కండ్లు మూసుకొని తీసుకుంటుండెనో, ఆమెకే గీ పరీక్ష. బావ బయట నిలవడ్డడు, లోపలికి రాలేకపాయె.

అక్క ఆకు అందుకున్నది. జర్దా పోసింది. ఆగింది. చుట్టబోతే చినిగింది. రెండోది తీసింది, అదీ చినిగింది. ఎవలో నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్విండ్రు. "కండ్ల తకలీబు సార్, డాక్టర్ చీటి ఉన్నది" అన్న నేను. "అవునవును, ఆడలేక మద్దెల ఓడన్నదట" అన్నడు మున్షీ. నాకు ఒళ్ళు మండింది. ఇగ వాని మొకం మీదనే ఏమన్న అంటుంటి, అక్క నా కాలు పట్టి గుంజింది.

ఆమె కొంగు తీసుకొని మొకం మీదికి కప్పుకున్నది. నెత్తి మీదికెళ్ళి గదుమ కింది దాక గట్టిగ గుంజి దోపుకున్నది. అందరం ఏడుస్తుందనుకున్నం. మున్షీ సుత "ఏడుస్తే అయితదా అమ్మా" అన్నడు.

కొంగు కింద ఏముందో తెల్వది గని, చేతులు లేసినయ్. ఆకు తీసినయ్, జర్దా పోసినయ్, చుట్టినయ్, దారం తిప్పినయ్, మూతి మడిసినయ్. ఒకటి చాటల వడ్డది. ఆగలే. ఇంకోటి వడ్డది. ఇంకోటి. మునుపటి అక్క చేతులే, అదే నడక, అదే ఉరుకుడు. నవ్వినోళ్ళు కొంగు దించి ముంగటికి జరిగిండ్రు. కట్ట అయింది. మున్షీ కట్ట చేతిల పట్టుకొని ఒకటి తీసి నలిపి చూసిండు. మంచిగనే ఉన్నది.

"ఇప్పుడు కొంగు తీసి ఒక్కటి చెయ్యి" అన్నడు మెల్లగ.

అక్క కొంగు తీసింది. వెలుతురు కండ్లల్ల వడంగనే చేతులు ఆకు మీద ఆగిపోయినయ్. ఆకు దిక్కు చూస్తనే ఉన్నది, చేతులు లేస్తనే లెవ్వు. మున్షీ ఇటు చూసిండు, అటు చూసిండు. ఆఖరికి, "కప్పుకొనే చేసుకో అమ్మా. కార్డు ఉంటది తియ్యి" అన్నడు. నేను ఆ దినం ఆ మనిషికి దండం పెట్టిన. బయటికి వచ్చి బావకు చెప్తే, బావ గోడకు ఒరిగి కండ్లు తుడుసుకున్నడు. ముగ్గురం మిర్చీలు తిని ఇంటికి వచ్చినం.

కార్డు ఉన్నది. బీడీలు అవుతున్నయ్. అందరు "నయం కదా, చేతులన్నా మిగిలినయ్" అంటరు. అవును, నయమే.

ఉత్తగ కండ్లు మూసుకుంటే నడుమల తెరుసుకుంటయ్, కొంగేమో జారిపోతది గనుక బావ పాత లుంగి చింపి పట్టి లెక్క చేసిండు. పనికి పోయేముందు రోజు ఆయనే ఆమె కండ్లకు కడతడు, ముడి ఎనుకకు వేసి, ఎంటికలు చిక్కుకోకుంట సదిరి. నీళ్ళు పక్కకు పెట్టి పోతడు. పొద్దంతా అక్క గట్లనే వాకిట్ల కూసుంటది. చెయ్యి మాత్రం ఆగది. మునుపటికన్న ఎక్కువ కట్టలే అవుతున్నయ్.

మొదట్ల ఎవలన్న పోతుంటే "ఎవలే?" అని అడిగేది. నేను చెప్పేదాన్ని. చీర ఏ రంగో, సంచిల ఏమున్నదో, మొకం ఎట్ల పెట్టుకొని పోతుందో అన్ని చెప్పేదాన్ని. ఉన్నదానికి లేనిది కలిపి సుత చెప్పిన, ఆమె నవ్వాలని. పోయేటోళ్ళు కొన్నాళ్ళు ఆగి పలకరిచ్చిండ్రు. కని కండ్లకు గుడ్డ కట్టుకున్న మనిషి ముంగట ఎంతసేపని నిలవడుతరు? ఇప్పుడు మెల్లగ నడిచి పోతరు. అక్క అడుగుడు మానేసింది. నాకు సుత చెప్పెతందుకు మాట దొరుకుతలేదు. మాటకు మాట ఎదుటి మొకం చూస్తెనే వస్తదని నాకు గిప్పుడు ఎరుకైంది. ఏదన్న చెప్పినంక ఆమె ఏమనుకున్నదో ఆ గుడ్డ మీద ఏం కనవడ్తది?

నిన్న ఇద్దరం ఎప్పటిలెక్కనే వాకిట్ల కూసున్నం. చాటల బీడీలు వడే సప్పుడే. ఉన్నట్టుండి అక్క చేతులు ఆపకుంటనే అడిగింది.

"చెల్లె, నా మొకం దిక్కే చూస్తున్నవా?"

"నీ దిక్కే చూస్తున్ననే అక్కా" అన్న.

ఆ గుడ్డ కట్టిన మొకం దిక్కు చూడలేక నాకు శాన దినాలైంది. నా చూపు నా చాటలనే ఉన్నది.